లెక్కలా? కంప్యూటరా?

మీరెప్పుడైనా పట్టిసీమ వెళ్ళారా? పట్టిసం అని కూడా అంటారు. పోలవరం దగ్గర, గోదావరి నడుమ ఒక కొండ. కొండ మీద వీరభద్రస్వామి గుడి. ఒడ్డున రేవులో లాంచీ ఎక్కి గుడికి పోవాలి. శివరాత్రికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం!

పట్టిసీమలో చూడవలసింది ఇంకొకటి కూడా ఉంది. 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకం. గోదావరి నీటిని తోడి, కాలువ ద్వారా కృష్ణకు పంపటానికి 24 పంపులు పెట్టారు. అన్నీ కలిసి సెకనుకు 8,500 ఘనపుటడుగుల నీళ్ళు తోడగలవు.

ఈ కొండనూ, ఈ పంపులనూ ఎదురుగా పెట్టుకుని మనం ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడుకుందాం. "ఇంటర్ తరువాత ఏం చదువుతావు?" అని మిమ్మల్ని ఇప్పటికే ఎవరో ఒకరు అడిగి ఉంటారు. "లెక్కలు" అన్నారనుకోండి, "లెక్కలు చదివి ఏం చేస్తావురా? కంప్యూటర్ చదువు, ఉద్యోగం వస్తుంది" అంటాడు మామయ్య. "కంప్యూటర్‌కి బుద్ధి నేర్పింది లెక్కలే కదండీ!" అంటారు లెక్కల మాస్టారు. ఇద్దరి మాటా వింటే మీకు తల తిరుగుతుంది.

ఈ రెండూ కలిపి చదివే చదువు ఒకటి ఉంది. అసలు రెండింటినీ కలపవలసిన అవసరం ఏమిటి? ఒకటి వస్తే రెండోది దానంతట అదే రాదా? చూద్దాం.

ఇరవై నాలుగు పంపులు

ఒక్కొక్క పంపు రెండే స్థితుల్లో ఉంటుంది. నడుస్తూ ఉంటుంది, లేదా ఆగి ఉంటుంది. మరి 24 పంపులనూ ఎన్ని రకాలుగా నడపవచ్చు?

ఒకే పంపు ఉంటే 2 రకాలు. రెండు పంపులుంటే 4. మూడుంటే 8. పంపు ఒకటి పెరిగినప్పుడల్లా రకాల సంఖ్య రెట్టింపవుతుంది. అంటే 24 పంపులకు 2ను ఇరవై నాలుగు సార్లు హెచ్చవేయాలి. జవాబు 1,67,77,216. కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు!

ఈ రకాలన్నీ వరసగా రాసి చూపించమంటే కంప్యూటర్ రాసి చూపిస్తుంది. కోటిన్నర దానికి ఒక లెక్క కాదు. అందుకని "ఏ లెక్కయినా ఇలాగే అన్ని రకాలూ చూసేద్దాం" అని మనకు అనిపించవచ్చు. అక్కడే పొరపాటు పడతాం.

24 బదులు 100 పంపులు ఉన్నాయనుకోండి. అప్పుడు రకాల సంఖ్యలో 31 అంకెలుంటాయి. సెకనుకు వంద కోట్ల రకాలు చూసే కంప్యూటర్‌ని పెట్టినా, అన్నీ చూడటానికి దాదాపు 40 లక్షల కోట్ల సంవత్సరాలు పడుతుంది! యంత్రం ఎంత వేగంగా పనిచేసినా ఇక్కడ లాభం లేదు. అన్నీ చూడకుండానే మంచి జవాబు పట్టుకునే ఉపాయం కావాలి. ఆ ఉపాయం గణితంలో నుంచి రావాలి.

అంటే కంప్యూటర్ ఒక్కటే వచ్చినవాడు ఇక్కడ ఆగిపోతాడు.

నలభై సార్లు నిజం!

ఇంకో లెక్క చూడండి. ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని దానితోనే హెచ్చవేయండి. వచ్చినదానికి మొదటి సంఖ్యను కలపండి. ఆ పైన 41 కలపండి.

0తో చేస్తే 41 వస్తుంది. 1తో చేస్తే 43. 2తో 47. 3తో 53. అన్నీ ప్రధాన సంఖ్యలే! అంటే 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. ఇంకా ముందుకు పోండి. 10తో 151, అదీ ప్రధాన సంఖ్యే. 39తో 1601, అదీ అంతే. 0 నుంచి 39 వరకు నలభై సార్లు చేస్తే నలభై సార్లూ ప్రధాన సంఖ్యే వచ్చింది. "ఇక ఎప్పుడూ ఇంతే" అనవచ్చా?

40తో చేయండి. 1681 వస్తుంది. అది 41ని 41తో హెచ్చవేస్తే వచ్చేది! కథ అడ్డం తిరిగింది. ఎందుకో మీ పాఠ్యపుస్తకంలోని బీజగణితమే చెబుతుంది. 40 × 40కి 40 కలిపితే 40 × 41. దానికి ఇంకొక 41 కలిపితే 41 × 41. అంతే!

నలభై సార్లు సరిపోయింది కదా అని ఎప్పుడూ సరిపోతుందనుకోరాదు. కోటి సార్లు సరిపోయినా సరే. "ఇది ఎల్లప్పుడూ నిజం" అని కారణంతో సహా చూపటాన్ని నిరూపణ అంటారు. కంప్యూటర్ రాసిన కోటి వరసలు ఒక్క నిరూపణకు సాటి రావు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే మహా గణితవేత్త ఒక మాట అన్నాడు. నాలుగు సంఖ్యల అయిదో ఘాతాలు కలిపితే, ఆ మొత్తం మరొక సంఖ్యకు అయిదో ఘాతం కాదని ఆయన ఊహ. అయిదో ఘాతం అంటే అదే సంఖ్యను అయిదు సార్లు వేసి హెచ్చించటం. రెండు వందల ఏళ్ళ దాకా ఈ ఊహ నిజమని ఎవరూ నిరూపించలేదు, తప్పని కూడా చూపలేదు. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో వెతికించారు. 27, 84, 110, 133 - వీటి అయిదో ఘాతాలు కలిపితే సరిగ్గా 144 అయిదో ఘాతం వచ్చింది! ఆయిలర్ అంతటివాడి ఊహ తప్పింది. చేత్తో వెతుకుతూ కూర్చుంటే ఇది ఎప్పటికి దొరికేదో!

అంటే లెక్కలు ఒక్కటే వచ్చినవాడికి కూడా కొన్ని తలుపులు తెరుచుకోవు.

తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడు

ఈ రెండు విద్యలూ చేతులు కలిపితే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

పట్టిసీమలో శివరాత్రి అనుకోండి. తొక్కిసలాట జరగకుండా దారులన్నీ ఒకవైపే నడిచేటట్టు కట్టుదిట్టం చేశారనుకుందాం. అయిదు చోట్లు గుర్తుపెట్టుకోండి: రేవు, ఇసుకతిన్నె, గుడి, అంగళ్ళు, పందిరి. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క చుక్క పెట్టండి. ఇప్పుడు బాణాలు గీయండి.

రేవు నుంచి తిన్నెకు. తిన్నె నుంచి గుడికి. గుడి నుంచి రేవుకు. రేవు నుంచి అంగళ్ళకు. అంగళ్ళ నుంచి పందిరికి. పందిరి నుంచి అంగళ్ళకు. మొత్తం ఆరు బాణాలు.

ఒక పిల్లవాడు జనంలో తప్పిపోయి పందిట్లోకి చేరాడు. వాళ్ళ నాయనమ్మ రేవులో కూర్చుని ఉంది. బాణాల వెంబడి వాడు నాయనమ్మ దగ్గరకు రాగలడా? బొమ్మ చూడండి. పందిట్లో నుంచి అంగళ్ళకు, అంగళ్ళ నుంచి మళ్ళీ పందిట్లోకి. రేవుకు వచ్చే దారే లేదు! అదే పిల్లవాడు గుడి దగ్గర ఉంటే నేరుగా రేవుకు వచ్చేవాడు. కట్టుదిట్టం చేసినవాళ్ళు ఈ సంగతి ముందుగా చూసుకోకపోతే ఎంత ప్రమాదం!

కాబట్టి ప్రశ్న ఇది: ఏ చోటు నుంచి ఏ చోటికయినా పోయి తిరిగి రాగలిగే గుంపులు ఏవి? మన బొమ్మలో రెండు గుంపులున్నాయి. రేవు, తిన్నె, గుడి ఒక గుంపు. అంగళ్ళు, పందిరి ఇంకో గుంపు.

అయిదు చోట్లు కాబట్టి కంటితో చూసి చెప్పేశాం. వెయ్యి చోట్లుంటే? "ఇక్కడి నుంచి అక్కడికి దారి ఉందా?" అని ప్రతి జతకూ అడిగితే 9,99,000 ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్నకూ మళ్ళీ దారులన్నీ వెతకాలి. ఇంతకంటె సుళువైన ఉపాయం ఉందా?

కొసరాజు ఉపాయం

ఉంది. దాన్ని చెప్పినవారు మన తెలుగువారే. పేరు కొసరాజు సాంబశివరావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో పై చదువు చదివి, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. గణితం, కంప్యూటర్ శాస్త్రం కలిపి నేర్పే డిగ్రీ ఆయన చదువుకునే రోజుల్లో ఇక్కడ లేదు. కాని ఆయన చేసిన పనిలో రెండూ ఉన్నాయి.

ఇదే ప్రశ్నకు 1972లో టార్జన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక వేగమైన పద్ధతి చెప్పాడు. కొసరాజు 1978లో ఇంకొక పద్ధతి చెప్పారు. ఇజ్రాయెల్‌కు చెందిన షరీర్ అనే గణితవేత్త కూడా ఇదే పద్ధతిని తనంతట తాను కనిపెట్టి 1981లో ప్రచురించాడు. నేడు ప్రపంచంలో కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థులు దీన్ని "కొసరాజు అల్గారిథమ్" అని నేర్చుకుంటారు. అల్గారిథమ్ అంటే మరేం లేదు, పనిని మెట్లు మెట్లుగా చెప్పే పద్ధతి.

ఆ మెట్లు ఇవి. మీ వేలును బొమ్మ మీద నడిపించండి.

మొదటి నడక: రేవు దగ్గర మొదలుపెట్టండి. బాణం ఉన్నంతవరకు కొత్త చోటికి పొండి. కొత్త చోటు లేకపోతే ఆ చోటి పని "ముగిసింది" అని రాసుకుని, వచ్చిన దారిన ఒక అడుగు వెనక్కు రండి. రేవు నుంచి తిన్నెకు, తిన్నె నుంచి గుడికి పోతాం. గుడి నుంచి పోవటానికి రేవు ఒక్కటే ఉంది, అది చూసేశాం. కాబట్టి మొదట ముగిసింది గుడి. వెనక్కు వస్తే తిన్నె ముగిసింది. మళ్ళీ రేవుకు వచ్చి అంగళ్ళకు, అక్కడి నుంచి పందిరికి పోతాం. పందిరి ముగిసింది, అంగళ్ళు ముగిశాయి, చివరకు రేవు ముగిసింది. ముగిసిన వరస: గుడి, తిన్నె, పందిరి, అంగళ్ళు, రేవు. నడక ముగిశాక కూడా చూడని చోట్లు ఏవయినా మిగిలి ఉంటే, వాటిలో ఒకదాని నుంచి మళ్ళీ ఇలాగే మొదలుపెట్టాలి. మన బొమ్మలో అలాంటివి మిగలలేదు.

ఇప్పుడు బాణాలన్నిటినీ తిరగేయండి! తలలు తోకలవాలి, తోకలు తలలవాలి.

రెండో నడక: అన్నిటికంటె చివర ముగిసిన చోటు నుంచి మొదలుపెట్టండి. అది రేవు. తిరగేసిన బాణాల వెంబడి పోతే గుడి, తిన్నె దొరుకుతాయి. అక్కడితో దారి ఆగిపోతుంది. అదే మొదటి గుంపు! మిగిలినవాటిలో చివర ముగిసినవి అంగళ్ళు. అక్కడి నుంచి కొత్తగా దొరికేది పందిరి. అదే రెండో గుంపు!

గారడీలా ఉంది కదూ? రెండే రెండు నడకలు. ఒక్కొక్క నడకలో ఒక్కొక్క బాణాన్ని ఒక్కసారే చూస్తాం. వెయ్యి చోట్లు, అయిదు వేల బాణాలు ఉంటే, రెండు నడకలకూ కలిపి పదివేల సార్లు బాణాలు చూస్తే సరి. తొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల ప్రశ్నలెక్కడ, ఇదెక్కడ!

ఇది ఎప్పుడూ సరిగ్గానే వస్తుందా?

మంచి ప్రశ్న! నలభై సార్లు సరిపోయి నలభై ఒకటోసారి ఎగనామం పెట్టిన లెక్క ఇందాకే చూశాం. కాబట్టి నిరూపణ కావాలి. భయపడకండి, నాలుగు వాక్యాలే.

మొదటి గుంపు నుంచి రెండో గుంపుకు బాణం ఉందనుకోండి. మొదటి నడకలో ముందుగా మొదటి గుంపులోకి అడుగుపెడితే, అక్కడి నుంచి రెండో గుంపంతా తిరిగి వచ్చాకనే మన మొదటి అడుగు చోటు ముగుస్తుంది. ముందుగా రెండో గుంపులోకి అడుగుపెడితే, అక్కడి నుంచి మొదటి గుంపుకు దారి లేదు గనుక రెండో గుంపు పూర్తిగా ముగిశాకనే మొదటి గుంపు మొదలవుతుంది. ఎలా చూసినా అందరికంటె చివర ముగిసే చోటు మొదటి గుంపులోనే ఉంటుంది.

ఇక బాణాలు తిరగేస్తే, మొదటి గుంపు నుంచి బయటికి పోయే బాణం లోపలికి వచ్చే బాణం అవుతుంది. కాబట్టి రెండో నడక మొదటి గుంపులో మొదలై, ఆ గుంపు దాటి పోలేదు. గుంపులు ఎన్ని ఉన్నా ఇదే కారణం పనిచేస్తుంది.

ఇది గణితం చేసిన పని. మరి కంప్యూటర్ శాస్త్రం చేసే పని ఏమిటి? బాణాలను యంత్రం జ్ఞాపకంలో ఎలా దాచాలో అది చెబుతుంది. వెయ్యి చోట్లకు అడ్డం వెయ్యి, నిలువు వెయ్యి గళ్ళ పట్టిక గీస్తే పది లక్షల గళ్ళు కావాలి. ఉన్న బాణాలు అయిదు వేలే! కాబట్టి గళ్ళన్నీ దాదాపు ఖాళీ. దాని బదులు ఒక్కొక్క చోటికి ఒక జాబితా రాసుకుంటే పని తక్కువలో తేలుతుంది. పద్ధతి సరైనదేనా అని ఒక శాస్త్రం అడుగుతుంది. ఎన్ని మెట్లు, ఎంత చోటు అని రెండోది అడుగుతుంది. రెండు ప్రశ్నలూ అడగగలిగినవాడు తప్పు పద్ధతి రాయడు, పనికిరాని పద్ధతీ రాయడు.

ఈ రోజుల్లో ప్రోగ్రామును కంప్యూటరే రాసి ఇస్తోంది. అయితే అది రాసింది సరైనదో కాదో తేల్చవలసినవాళ్ళు కావాలి. ఆ పనికి నిరూపణ తెలిసిన బుర్ర మరీ అవసరం.

ఎక్కడ చదవాలి?

ముందుగా ఒక తేడా తెలుసుకోండి. ఒకే డిగ్రీలో రెండు శాస్త్రాలూ చదవటం ఒక పద్ధతి. రెండు వేరువేరు డిగ్రీలు ఒకేసారి చదవటం ఇంకో పద్ధతి. తరగతుల వేళలు ఢీకొనకుండా ఉంటే రెండు డిగ్రీలు ఒకేసారి చదవటానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో అనుమతించింది.

మొదటి పద్ధతికి మనకు దగ్గరి ఉదాహరణ చెన్నై గణిత సంస్థ. 1998 నుంచి అక్కడ గణితం, కంప్యూటర్ శాస్త్రం కలిపి మూడేళ్ళ బి.ఎస్సీ. ఆనర్స్ నేర్పుతున్నారు. ప్రవేశానికి పరీక్ష ఉంటుంది. కొన్ని ఐఐటీల్లో గణితం, కంప్యూటింగ్ కలిపిన నాలుగేళ్ళ చదువు ఉంది. మన డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్ళపాటు గణితం, కంప్యూటర్లు, మరొక శాస్త్రం కలిపి బి.ఎస్సీ. చెప్పారు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు చేరే సంవత్సరం కాలేజీలోనే అడిగి తెలుసుకోండి.

ఒక్క మాట మాత్రం ముందే తెలుసుకోవాలి. ఇది తేలిక చదువు కాదు. గణితానికి నెమ్మది కావాలి. ఒక్క నిరూపణ మీద మూడు రోజులు కూర్చోవలసి వస్తుంది. ప్రోగ్రాము రాయటానికి ఓపిక కావాలి. ఎక్కడో ఒక్క గుర్తు తప్పిపోతే రాత్రంతా వెతకవలసి వస్తుంది. రెండూ ఒకే వారంలో మీద పడతాయి. సర్టిఫికెట్టు మీద రెండు పేర్లుంటాయన్న ఆశతో చేరితే విసుగు వస్తుంది. "ఎందుకు?", "ఎలా?" అన్న రెండు ప్రశ్నలూ మీకు నిజంగా ఇష్టమయితేనే చేరండి. ఒకటే ఇష్టమయితే ఆ ఒకటే చదవండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒక విద్య మీదుగా ఇంకో విద్యకు దాటటం మనవారికి కొత్త కాదు. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి సంఖ్యాశాస్త్రంలో మరొక ఎం.ఏ. తీసుకుని, ప్రపంచ ప్రసిద్ధి పొందారు. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివి, తరువాత కంప్యూటర్ శాస్త్రానికి మళ్ళి, 1994లో ఆ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు.

ఇంట్లో కంప్యూటర్ లేదే అని దిగులు పడకండి. ఇందాక కొసరాజు ఉపాయం మీరు పెన్సిలుతోనే నడిపించారు కదా! అలాగే మీ ఊరి వీధులతో, బస్సు దారులతో బాణాల బొమ్మలు గీయండి. చేత్తో చేసి చూసిన పద్ధతిని రేపు యంత్రానికి చెప్పటం తేలిక.

చివరగా మీకు ఒక లెక్క. మన తిరునాళ్ళ బొమ్మలో ఇంకొక్క బాణం గీసి, ఏ చోటి నుంచి ఏ చోటికయినా దారి ఉండేటట్టు చేయాలి. తప్పిపోయిన పిల్లవాడు నాయనమ్మ దగ్గరకు చేరాలి. అలాంటి బాణాన్ని ఎన్ని రకాలుగా గీయవచ్చు? జవాబు మేమే చెబుతున్నాం: ఆరు రకాలుగా. ఎందుకు ఆరే అవుతుంది, అయిదో ఏడో ఎందుకు కాదు, అది మాత్రం మీరే నిరూపించండి!